గుర్రాల గోడకి పచ్చబొట్లు

ఉక్కు కర్మాగారంలో పనిచేశానని చెప్పగానే ఇప్పటి పిల్లలు కొలిమి గురించీ, కరిగిన ఇనుము గురించీ అడుగుతారు. నేను వాటి పక్కనుంచి నడిచి వెళ్ళినవాణ్ణేగాని, వాటి దగ్గర చెమటోడ్చినవాణ్ణి కాదు. నాది పెయింటింగు షాపు. గొట్టాలకీ, మెట్ల కమ్మీలకీ, క్రేన్లకీ రంగు వెయ్యడం, హెచ్చరిక బోర్డులు రాయడం మా పని. చిన్నచూపు చూడకండి. కర్మాగారంలో రంగుని చదువుకోవాలి. పసుపు గొట్టంలో గ్యాసు, సముద్రపు పచ్చ గొట్టంలో నీళ్ళు, వెండి రంగు గొట్టంలో ఆవిరి. మేం రంగు తప్పు వేస్తే ఇంకొకడు వాల్వు తప్పు తిప్పుతాడు.

నేను పదో తరగతి తప్పి, శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి వచ్చి ఖలాసీగా, అంటే అందరికంటే కింది పనివాడిగా, చేరినవాణ్ణి. తర్వాత నేర్చుకున్నదంతా మా సెక్టారు గ్రంథాలయంలో నేర్చుకున్నదే. అక్కడ తెలుగు పుస్తకాలు రెండు బీరువాలకి మించి లేవు. అవి అయిపోయాక హిందీ, ఆ తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు చదివాను. చిత్రకళ అలమర దగ్గర ఫ్యాను ఉండేది, మనుషులు ఉండేవారు కాదు. వేసవి మధ్యాహ్నాలు అక్కడే గడిపాను. అలా నాకు చిత్రకళ అబ్బింది. దీనికి నేను ఇప్పటికీ గర్వపడతాను, దాచుకోవడం దేనికి.

డెబ్భైల చివర్లోని మాట. మా మెయింటెనెన్సు ఇంజనీరుగారు విశాఖపట్నం మనిషి, మంచి అభిరుచి ఉన్నాయన. ఒకసారి బొంబాయి వెళ్ళి వస్తూ పెద్ద అచ్చు చిత్రం ఒకటి తెచ్చారు. దేశమంతా పేరున్న ఒక ఆధునిక చిత్రకారుడిది. ఈ రాతలో ఎవరి పేర్లూ చెప్పను, ఆయన పేరూ చెప్పను. చిత్రంలో ముగ్గురు ఆడవాళ్ళు, రెండు గుర్రాలు. గుర్రాలు తలలు వెనక్కి విరుచుకుని, నోళ్ళు తెరిచి, పళ్ళన్నీ బయటపెట్టి ఉన్నాయి. ఆడవాళ్ళ పాదాలు పెద్దవి, నడుములు బలమైనవి. ముఖాల్లో కళ్ళూ ముక్కూ లేవు. అన్నీ మందపాటి నల్ల గీతలే. ముందున్న స్త్రీ ఒక చెయ్యి గుర్రం మెడ మీద వేసి ఉంది. ఆమె గుర్రాన్ని పట్టుకుందో, గుర్రం ఆమెని ఆనుకుందో చెప్పడం కష్టం.

"ఏమయ్యా, దీన్ని మన రోలింగ్ మిల్లు క్యాంటీను గోడ మీదికి ఎక్కించగలరా? విశ్వకర్మ పూజ నాటికి కావాలి" అన్నారు ఇంజనీరుగారు.

విశ్వకర్మ పూజ రోజు కర్మాగారం గేట్లు తెరుస్తారు. ఏడాది పొడుగునా పాసు లేనిదే పిట్టని కూడా రానివ్వని చోటికి ఆ ఒక్కరోజు పెళ్ళాం పిల్లలు, ముసలివాళ్ళు, ఊళ్ళవాళ్ళు అందరూ వస్తారు. ప్రతి షాపువాళ్ళూ తమ యంత్రాలకి దండలు వేసి, పక్క షాపుకంటే బాగా అలంకరించాలని చూస్తారు. మా ఇంజనీరుగారు పై ఆఫీసరుతో ఈసారి మా గోడ చూడమని అప్పటికే చెప్పేశారు.

మా షాపులో పెద్ద పనివాడు మేస్త్రీ. బొబ్బిలి దగ్గర పల్లె. వాళ్ళ తాతల నాటినుంచీ దేవుడి ఊరేగింపు వాహనాలకి రంగులు వేసే ఇల్లు. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. వాళ్ళ చెక్క గుర్రం బొద్దుగా, నవ్వు ముఖంతో, మెడనిండా గజ్జెలతో ఉంటుంది. ఆ కంటితో ఆయన ఈ చిత్రాన్ని చాలాసేపు చూసి పెదవి విరిచాడు.

"ఇది గుర్రమేటి అబ్బీ, పన్ను పీకించుకుంటన్నట్టుంది" అన్నాడు. తర్వాత ఇంకా దగ్గరికి వెళ్ళి చూసి, "పైగా అచ్చు జరిగిపోనాది. రంగో పక్క, గీతో పక్క. మనం సరిజేసి ఎక్కించీద్దుం" అన్నాడు.

నిజానికి ఆ చిత్రకారుడి పద్ధతే అది. రంగుని గీత లోపల కుదురుగా ఉంచడు. పసుపు మడుగు ఒకచోట పడితే, ఆడమనిషి భుజం గీత దాన్ని దాటుకుని పోతుంది. ఈ సంగతి చెబితే మేస్త్రీ నమ్మలేదు. అప్పుడు నేను గ్రంథాలయం నుంచి బైండు కట్టిన పత్రికల సంపుటం ఒకటి బతిమాలి తెచ్చి, అందులో అదే చిత్రకారుడి వేరే బొమ్మలు చూపించాను. వాటిల్లోనూ రంగో పక్క, గీతో పక్క. "అన్నీ జరిగిపోవు గదా బాబాయ్" అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు నాకు తలకెక్కింది. ఆ సంపుటాన్ని పని జరిగినన్నాళ్ళూ నా దగ్గరే ఉంచుకున్నాను.

గళ్ళు గీసి, ఒక్కో గడినీ పెద్దది చేసుకుంటూ బొమ్మని గోడకెక్కించాం. రంగులు మాత్రం మా స్టోర్సులో ఉన్నవే. ఒక గుర్రం ఎర్ర ప్రైమరుతో లేచింది. ఇంకోదానికి తెలుపు చాలక ఆవిరి గొట్టాలకి వేసే వెండి రంగు వేశాం, అది మధ్యాహ్నం ఎండ పడితే కళ్ళు చెదిరేలా మెరిసేది. ఆడవాళ్ళకి గ్యాసు గొట్టాల పసుపు. భోజనానికి వచ్చే గ్యాసు విభాగంవాళ్ళు రోజూ ఆ గోడ దగ్గర ఆగి, "మిస్త్రీ, ఇస్‌మే గ్యాస్ హై క్యా? ఇందులో గ్యాసుందా, ఇక్కడ బీడీ కాల్చొచ్చా?" అనేవారు. మేస్త్రీ, "నువ్వు కాల్చు, గోడ సంగతి నాను సూసుకుంటాను" అనేవాడు.

మాకు సున్నం కలపడానికీ, నీళ్ళు మొయ్యడానికీ, నిచ్చెన పట్టుకోడానికీ కాంట్రాక్టరు తరఫున ఒక మనిషి ఉండేది. కూలిపని చేసే ఆడవాళ్ళని ఇక్కడ రేజా అంటారు. ఈమె నందిని అనే ఊరి సున్నపురాయి గనుల దారిలో ఒక పల్లె నుంచి వచ్చేది. పాతికేళ్ళు దాటి ఉండవు. భర్త ఇటుక బట్టీల పనికి ఉత్తరాదికి వెళ్ళాడు. ఇద్దరు పిల్లలు. నన్ను భయ్యా అనేది, మేస్త్రీని మిస్త్రీ దాదా అనేది. మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు చేతులకీ పచ్చబొట్లు. వాటిని వాళ్ళు గోదనా అంటారు. ఆమెకి ఆ పని చాలా అవసరం. కాంట్రాక్టు కూలీల్లో మానకుండా వస్తున్న కొందరిని పూజ తర్వాత శాఖలోకి పర్మనెంటుగా తీసుకుంటారని మాట నడుస్తోంది. మా ఇంజనీరుగారు ఆమె విషయం పైకి చెప్పారు కూడా. మధ్యలో మానేస్తే ఆ అవకాశం పోతుంది, మళ్ళీ రాదు.

ఇక ముందున్న స్త్రీ చెయ్యి సంగతి. అచ్చు చిత్రంలో అది రెండు నల్ల గీతలు, మధ్య ఖాళీ పసుపు. అంతే. గోడమీదికి వచ్చేసరికి ఆ చెయ్యి నిలువెత్తు మనిషంత పొడుగైంది. అంత చోటు ఖాళీగా వదలడం మేస్త్రీ వల్ల కాలేదు. వాహనాల మీద వేలెడు జాగా కూడా వదలని చెయ్యి ఆయనది. నేను ఒకరోజు సెలవు పెట్టి మర్నాడు వచ్చేసరికి ఆ చెయ్యి నిండా పచ్చబొట్లు. చుక్కల వరసలు, మణికట్టు దగ్గర తేలు, మోచేతి కింద అర్ధచంద్రం, ధాన్యపు గింజల్లాంటి గీతలు. నిచ్చెన మీంచి రోజూ కిందికి చూస్తే కనిపించే చెయ్యి ఏదో, అదే గోడకెక్కింది.

ఆమె నీళ్ళ బకెట్టుతో వచ్చి, చూసి, బకెట్టు కింద పెట్టింది. తన చెయ్యి గోడకి ఆనించి పక్కపక్కన చూసుకుంది. "ఏ తో మోర్ హాథ్ ఆయ్" అని నవ్వింది. ఇది నా చెయ్యే కదా అని.

మేస్త్రీ, "మరెవరిదనుకున్నావేటి" అని తెలుగులోనే అన్నాడు. ఆమెకి అర్థమైంది.

ఆమె ఊరి ఆడవాళ్ళు ఇంకా కొందరు వేరే కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసేవారు. మధ్యాహ్నం టిఫిను డబ్బాలతో వచ్చి వాళ్ళూ చూశారు. చెయ్యి ఎవరిదో పోల్చుకోడానికి వాళ్ళకి క్షణం పట్టలేదు. మేస్త్రీకి ఆ చెయ్యి అంత బాగా ఎలా తెలుసని అక్కణ్ణించి గుసగుసలు మొదలయ్యాయి. రెండురోజుల తర్వాత ఇంజనీరుగారు వచ్చి చేతిని చూశారు. గుసగుసలు ఆయన దాకా కూడా వెళ్ళాయి.

"ఇది బొమ్మలో లేదు కదయ్యా. కాపీ అంటే కాపీ. దీంతో లేనిపోని మాటలు కూడా పడుతున్నాం. తీసెయ్యండి" అన్నారు.

మా షాపులో దేనికైనా మందు ఇంకో పూత. బోర్డు మీద అక్షరం తప్పితే పూత, గొట్టం రంగు మారిస్తే పూత. మధ్యాహ్నం ఆమె భోజనానికి వెళ్ళిన వేళలో ఆ చేతికి రెండు పూతలు గ్యాసు పసుపు పడ్డాయి. బొమ్మ బొమ్మలా అయింది, మాటలు కూడా ఆగిపోతాయి అనుకున్నాం.

ఆమె భోజనం చేసి వచ్చి గోడ ముందు నిలబడింది. ఎవరు చెరిపారని అడిగింది. ఇంజనీరు సాబ్ చెప్పారని, మేమే చెరిపామని చెప్పాను. ఆమె చేతిలో ఉన్న బ్రష్షులు డబ్బాలో వేసి, చీర కొంగు తల మీదికి లాక్కుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

సంగతేమిటో ఆమె ఊరి మనిషి ఒకావిడ విడమరిచి చెప్పింది. చెయ్యి గోడకెక్కినందుకు ఊళ్ళో అనుకున్న మాట నిజమేనట. కాని అసలు కోపం దానికి కాదు. గోదనా చెరిగేది కాదు, చెరపకూడనిది. బంగారం, వెండి అన్నీ ఒలుచుకుని పంపించినా మనిషితో చితి దాకా వచ్చే నగ అదొక్కటే. అలాంటిది, మొగుడు దూరదేశంలో ఉండగా, బతికున్న మనిషి గోదనాని పట్టపగలు రంగు పూసి తుడిచేశారు. ఆ అపశకునానికి అత్త రెండురోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. బావగారు, అంటే భర్త అన్న, ఇంటికి పెద్ద. బతికున్న ఆడదాన్ని చెరిపేసే చోటికి మా ఇంటి మనిషి పోదని ఆయన తేల్చి చెప్పేశాడు. కాంట్రాక్టరు మనిషి కూడా తేల్చే చెప్పాడు, పూజ మర్నాటికి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని.

మేస్త్రీ ఇదంతా విని గోడవైపు చూస్తూ బీడీ పూర్తిగా కాల్చాడు.

"తప్పు జరిగిపోనాది అబ్బీ. మా ఇళ్ళలో దేవుడి కన్ను దిద్దినాక తుడవం. నాకు తోచి ఉండాల" అన్నాడు. తర్వాత, "ఎల్లి మాటాడదుం" అన్నాడు.

ఆదివారం నందిని వెళ్ళే బస్సెక్కాం. నేను ఆ బైండు సంపుటాన్ని గుడ్డసంచిలో పెట్టుకున్నాను. మేస్త్రీ అదెందుకని అడిగాడు. విషయం చదువుతో చెబితే గౌరవంగా ఉంటుందన్నాను.

బావగారు వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టాడు. మర్యాదస్తుడే. ఒకప్పుడు భిలాయి పవర్ హౌస్ రైలు స్టేషను దగ్గర టాంగా, అంటే మన జట్కా, తోలేవాడట. ఆటోలు వచ్చాక గుర్రాన్ని అమ్మేసి చిన్న పొలం చెక్క సాగు చేసుకుంటున్నాడు. మాకు కావలసినామె తలుపు వెనక ఉంది. వాళ్ళలో తమ్ముడి భార్య బావగారి ముందుకి రాదు, ఆయన ఎదుట నోరెత్తదు. తలుపు పట్టుకున్న చెయ్యి మాత్రం మాకు కనిపిస్తోంది.

నేను సంపుటం తెరిచి, ఆ చిత్రకారుడి గొప్పతనం గురించి నాకు తెలిసిన హిందీలో చెప్పాను. ఆయన గీసే స్త్రీలకి ముఖాలు ఉండవనీ, కాబట్టి వాళ్ళు ఫలానా అని ఎవరూ కారనీ, గుర్రమంటే ఆయన దృష్టిలో ఆపుకోలేని బలమనీ, ఆ బలం పక్కన నిలబడగలిగింది స్త్రీయేననీ, చదివింది చదివినట్టు వల్లించాను. బావగారు ఓపిగ్గా విన్నాడు.

"ముఖం లేదు, ఎవరూ కాదు, సరే. ఎవరూ కానామెకి మా ఇంటి చెయ్యి ఎలా వచ్చింది?" అన్నాడు.

దానికి జవాబు పుస్తకంలో లేదు. నేను వెతుక్కుంటూ ఉండగా ఆయన వేలు తడి చేసుకుని తర్వాతి పేజీ తిప్పాడు. ఆ పేజీలో గుర్రాలు ఉన్నాయి. ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఒంటి మీద నూలుపోగు లేదు. గ్రంథాలయంలో ఫ్యాను కింద ఆ బొమ్మని నేను ఎన్నోసార్లు చూశాను, ఎప్పుడూ అంత పెద్దదిగా కనిపించలేదు.

"సాల్లే అబ్బీ, మూసీ పుస్తకం" అన్నాడు మేస్త్రీ మెల్లగా.

మూసేశాను. బావగారు లేచి నిలబడ్డాడు. మా పని అయిపోయినట్టే. అప్పుడు లోపల్నుంచి ఆయన భార్య బయటికి వచ్చింది. మా రేజాకి తోడికోడలు, ఇంట్లో పెద్ద కోడలు. పొడగరి, నలభై దగ్గర పడుతున్న మనిషి. ఆవిడ మొగుణ్ణి దాటి వచ్చి మేస్త్రీ ఎదురుగా నిలబడింది. గోడ మీద ఎంతమంది ఆడవాళ్ళున్నారని అడిగింది.

ముగ్గురన్నాడు మేస్త్రీ.

మిగతా ఇద్దరి చేతుల మీద ఏముందని అడిగింది. ఏమీ లేదన్నాడు.

"ఇంట్లో పెద్దదాన్ని నేనుండగా దాని చెయ్యి ఎందుకు వేశావు?" అంది.

మేస్త్రీ నావైపు చూశాడు. నేను సంచివైపు చూశాను. చివరికి మేస్త్రీయే, రోజూ కంటి ముందున్నది ఆ చెయ్యేనని, మీ చెయ్యి నేను చూడలేదని ఉన్నమాట చెప్పాడు.

ఆవిడ గాజులు పైకి తోసి చెయ్యి చాపింది. "అబ్ దేఖ్. మోర్ ఘలో బనా దే." ఇప్పుడు చూడు, నాదీ వెయ్యి.

బావగారు మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. ఆయన పరువు గురించి ఆలోచిస్తూ ఉండగా ఇంట్లో ఇంకో లెక్క నడుస్తోందని ఆయనకీ అప్పుడే తెలిసినట్టుంది. మేస్త్రీ మాత్రం జేబులోంచి బొగ్గు ముక్క తీశాడు. మా దగ్గర సిమెంటు సంచి కాగితం ఉంది. ఆవిడ చెయ్యి చిన్నావిడదానికంటే రెండింతలు నిండి ఉంది. ఏ గుర్తు ఏ మేళాలో వేయించుకుందో, ఏది వేసేటప్పుడు ఏడ్చిందో, ఏది వేసేటప్పుడు ఏడవలేదో చెబుతూ కూర్చుంది. తన చెయ్యి గుర్రం మెడ మీద ఉండాలంది. చిన్నదానిది వెనకాల. న్యాయమే కదా అని మా ఇద్దర్నీ అడిగింది. న్యాయమే అన్నాం. తర్వాత అత్తగారు గోడ పట్టుకుని గడపదాకా వచ్చి తన చెయ్యి కూడా చాపింది. ఆ చేతి మీద గుర్తులు ముడతల్లో కలిసిపోయాయి. ఇది ఏమిటని మేస్త్రీ అడిగితే ఆవిడ ఒకసారి నెమలంది, ఒకసారి చేప అంది. ఆయన రెండూ కాకుండా రెండింటిలా ఉండేదేదో గీశాడు.

బావగారు చివరిదాకా ఔననలేదు, కాదనలేదు. "పూజ రోజు వచ్చి చూస్తాను. చూశాక చెబుతాను" అన్నాడు. అప్పటిదాకా చిన్నావిడ ఇల్లు కదలదు.

మేం బయల్దేరుతుంటే ఆమె ఇంటి పక్కనుంచి నీళ్ళ చెంబుతో వచ్చింది. నాది మళ్ళీ వేస్తారా అని గొంతు తగ్గించి అడిగింది. మేస్త్రీ వేస్తానని నెత్తిమీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు.

ఇంజనీరుగారి దగ్గర ఒప్పించే పని నాది. ఆ చిత్రకారుడు మన పల్లెల్లోంచే గీతలు తీసుకున్నాడనీ, వాటిని పల్లెకి తిరిగి ఇవ్వడం ఆయనకి అవమానం కాదనీ కొంత చదివి, కొంత కల్పించి చెప్పాను. ఆయన ముఖం చిట్లించారు. పై ఆఫీసరు అసలు బొమ్మ చూసినవాడు. ఆ తర్వాత నేను పుస్తకం వదిలేసి, ఆమె పని పోతుందని మామూలుగా చెప్పాను. ఆయన ఎదురుగా ఉన్న ఫైలు తెరిచారు.

"నాకు ఈ వారమంతా ఫర్నేసుల వైపు పనుంది. క్యాంటీను వైపు రాలేను. పూజ రోజే చూస్తాను" అన్నారు.

మా ఉద్యోగాల్లో దీన్ని అనుమతి అంటారు. కొత్తగా చేరిన పిల్లలు ఇది గుర్తు పెట్టుకోవాలి.

పచ్చబొట్టు రంగుకి మసినలుపులో నీళ్ళ గొట్టాల పచ్చ కలిపాం. సరిగ్గా కుదిరింది. ముందున్న స్త్రీ చేతికి పెద్దావిడ గుర్తులు, మధ్య స్త్రీకి చిన్నావిడవి, రెండో గుర్రం వెనక సగం కనిపించే మూడో స్త్రీకి అత్తగారివి. నా దృష్టిలో కూర్పు పాడైంది. ఆ చిత్రకారుడు వదిలిన ఖాళీల్లోనే అందం ఉందని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. మేస్త్రీ మాత్రం పని మొదలుపెట్టాక మొదటిసారి కూనిరాగం తీశాడు.

పూజ రోజు ఉదయం నుంచీ జనం. యంత్రాలకి బంతిపూలు, పిల్లల చేతుల్లో బూందీ పొట్లాలు. ఇంజనీరుగారు పై ఆఫీసరుని వెంటబెట్టుకుని వచ్చారు. పై ఆఫీసరు కళ్ళజోడు సవరించుకుని, ఈ గుర్తులు అసలు బొమ్మలో లేవు కదా అన్నారు. ఇంజనీరుగారు క్షణం తడబడి, "స్థానికత కోసం మేమే చేర్చాం సార్" అన్నారు. పై ఆఫీసరు చాలా బాగుందన్నారు. వాళ్ళు వెళ్ళిపోయారు. మాకు కావలసినవాళ్ళు ఇంకా రాలేదు.

మధ్యాహ్నం దాటాక వచ్చారు. ముందు బావగారు తలపాగాతో, వెనక అత్తగారు, పెద్దావిడ, పిల్లలు, అందరికంటే వెనక మొహం మీదికి కొంగు దించుకుని మా రేజా. పెద్దావిడ నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి, గుర్రం మెడ మీద ఉన్న చేతిని కింది నుంచి పైదాకా చదివింది. చుట్టూ జనం ఆగారు. ఆవిడ మేస్త్రీవైపు తిరిగి, మోచేతి పైన ఒక చుక్కల వరస తగ్గిందని చెప్పింది. మేస్త్రీ తగ్గలేదన్నాడు. ఆవిడ అందరి ముందూ చెయ్యి ఎత్తి గోడ పక్కన పెట్టింది. తగ్గింది. మేస్త్రీ పూజకని కట్టుకున్న కొత్త పంచె ఎగ్గట్టి నిచ్చెన ఎక్కి, ఆవిడ చెయ్యి దించకుండా నిలబడి ఉండగా ఆ వరస దిద్దాడు. గ్యాసు విభాగంవాళ్ళు ఈసారి నిచ్చెన పట్టుకున్నారు. అత్తగారు తన చెయ్యి ఎక్కడని అడిగితే మా రేజా చూపించింది. ముసలావిడ దాన్ని కాసేపు చూసి, నెమలే అని తేల్చింది.

బావగారు ఆడవాళ్ళ చేతులవైపు అసలు చూడలేదు. వెండి గుర్రం ముందు నిలబడిపోయాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఈసారి నా దగ్గర పుస్తకం లేదు.

"నోరు ఇలా తెరిచిందంటే కళ్ళెం కోస్తోందన్నమాట. నాది కూడా ఎండాకాలం స్టేషను ఎత్తు ఎక్కేటప్పుడు ఇలాగే తెరిచేది" అన్నాడు. గుర్రం నోటివైపు వేలు చూపించి, "మరి దీనికి కళ్ళెం లేదేం?" అన్నాడు.

మేస్త్రీ నిచ్చెన మీద నుంచే విన్నాడు. బ్రష్షు చేతిలోనే ఉంది. కావాలంటే వేస్తానన్నాడు, రెండు నిమిషాల పని.

బావగారు గుర్రాన్ని ఇంకోసారి చూశాడు. "వద్దు. ఉండనీ" అన్నాడు.

మేం జవాబు కోసం చూస్తున్నామని ఆయనకి తెలుసు. అయినా బస్సుకి వేళయిందని అందర్నీ తీసుకుని గేటువైపు వెళ్ళిపోయాడు. మా రేజా ఒకసారి వెనక్కి తిరిగింది. ముసుగు ఉంది కాబట్టి ముఖంలో ఏముందో కనిపించలేదు.

ఆ గోడ ఇప్పుడు లేదు. ఎనభైల్లో క్యాంటీను పెంచినప్పుడు పడగొట్టారు. మేస్త్రీ అంతకుముందే రిటైరై బొబ్బిలి వెళ్ళిపోయాడు. ఆ చిత్రకారుడి గురించి ఆ తర్వాత నేను ఇంకా చాలా చదివాను. ఆయన స్త్రీల గురించి, గుర్రాల గురించి పెద్దపెద్దవాళ్ళు రాసిన వ్యాసాలు ఉన్నాయి, మంచివి. మీరూ చదవండి. వాటిలో లేనిది పూజ మర్నాటి ఉదయం సంగతి, అది చెప్పి ముగిస్తాను.

ఆ ఉదయం మొదటి షిఫ్టు సైరను మోగేటప్పటికి నేనూ మేస్త్రీ గేటు దగ్గరే ఉన్నాం. కాంట్రాక్టరు మనిషి కూలీలని లెక్కపెట్టుకుంటున్నాడు. నందిని బస్సు వచ్చి ఆగింది. మా రేజా దిగింది, టిఫిను డబ్బాతో. నన్ను చూసి భయ్యా అని పలకరించి, పాసు చూపించి లోపలికి వచ్చి మా పక్కన నిలబడింది. ఆమె వెనకే బస్సులోంచి పెద్దావిడ కూడా దిగింది. ఆవిడ చేతిలోనూ డబ్బా ఉంది. కాంట్రాక్టరు మనిషి చెయ్యి అడ్డం పెట్టి, నిన్నటితో పూజ అయిపోయింది, పాసు లేకుండా ఎవరినీ రానివ్వం అన్నాడు. ఆవిడ పని కోసం వచ్చానంది. ఇంతకుముందు ఎక్కడైనా పనిచేశావా, నువ్వెవరో ఎవరికైనా తెలుసా అని అడిగాడు.

పెద్దావిడ గాజులు పైకి తోసి చెయ్యి అతని ముఖం ముందు పెట్టింది.

"నా చెయ్యి అప్పుడే లోపలుంది. మిగతా మనిషిని రానీ" అంది.